హైడ్రోజన్ మాట నిజమే, మరి ఫండులో పెట్టిన డబ్బు సంగతేంటి?

2025 జనవరి 8న ప్రధాని మోదీ విశాఖపట్నం వచ్చి, అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ కట్టబోయే గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన చేశారు. పెట్టుబడి సుమారు 1,85,000 కోట్ల రూపాయలు, లక్ష్యం రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్. అటు కాకినాడలో ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమోనియా తీస్తామని ఏఎం గ్రీన్ కంపెనీ పని మొదలుపెట్టింది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు సౌదీ నియోమ్ ప్లాంటు గురించి చెప్పనే అక్కర్లేదు. వీటన్నిటితో పాటు ఫోన్లలో ఒక సలహా కూడా తిరుగుతోంది: రాబోయే కాలం హైడ్రోజన్‌దే, ఏ కంపెనీ గెలుస్తుందో వెతుక్కోవడం ఎందుకు, విదేశాల్లో హైడ్రోజన్ ఈటీఎఫ్‌లు ఉన్నాయి, అందులో పెట్టేస్తే సరి.

ఈటీఎఫ్ అంటే షేర్ల బుట్ట. ఆ బుట్టలో ఒక యూనిట్ కొంటే లోపల ఉన్న పాతిక, ముప్ఫై కంపెనీల్లో తలా కొంచెం వాటా వస్తుంది. స్టాక్ ఎక్స్ఛేంజిలో మామూలు షేరులాగే కొనొచ్చు, అమ్మొచ్చు. హైడ్రోజన్ ఫండ్లు ఏడాదికి సుమారు అర శాతం ఫీజు తీసుకుంటాయి. ఒక కంపెనీ మునిగినా మిగతావి కాపాడతాయి కదా అన్నది దీని మీద నమ్మకం. నిఫ్టీ లాంటి పెద్ద సూచీకి ఆ నమ్మకం చాలావరకు చెల్లుతుంది. కానీ బుట్టలో ఉన్నవన్నీ ఒకే సర్కారు రాయితీ మీద, ఒకే రకం కొనుగోలుదారు మీద ఆధారపడితే? అప్పుడు 30 పేర్లు ఉన్నా ప్రమాదం ఒక్కటే.

ఈ ఫండ్లు పుట్టిన తేదీలు చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. లండన్‌లో ఎల్ అండ్ జీ హైడ్రోజన్ ఎకానమీ 2021 ఫిబ్రవరిలో వచ్చింది. వ్యాన్‌ఎక్ వాళ్ళదీ, అమెరికాలో డిఫయన్స్ వాళ్ళదీ మార్చిలో. గ్లోబల్ ఎక్స్ హైడ్రోజన్ జూలైలో. ఈ రంగంలో అందరి నోటా వినిపించే అమెరికా కంపెనీ ప్లగ్ పవర్ షేరు 70 డాలర్లు దాటిందెప్పుడు? 2021 జనవరిలో. అంటే ధర కొండెక్కాకే ఫండ్లు దుకాణం తెరిచాయి. ఇది హైడ్రోజన్‌కే పరిమితం కాదు. జనం ఏ పేరు గురించి ఎక్కువ మాట్లాడుకుంటారో ఆ పేరుతో ఫండు తేవడం ఈ వ్యాపారంలో మామూలే.

తర్వాత ఏమైందో ప్లగ్ పవర్ లెక్కల్లోనే ఉంది. 2023లో కంపెనీ అమ్మకాలు సుమారు 89 కోట్ల డాలర్లు, నష్టం సుమారు 137 కోట్ల డాలర్లు. డాలరు సరుకు అమ్మితే డాలరున్నర నష్టమన్నమాట. ఆ ఏడాది నవంబరులో, కంపెనీ ఇలాగే నడవగలదా అన్న అనుమానాన్ని తన పత్రాల్లో తానే రాసుకుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి మళ్ళీ మళ్ళీ కొత్త షేర్లు అమ్మింది. కొత్త షేర్లు వచ్చిన కొద్దీ పాతవాళ్ళ వాటా చిన్నదవుతుంది. 2025 మేలో షేరు ఒక డాలరు కిందకు పడింది. హైడ్రోజన్ లారీలు చేస్తామన్న నికోలా కథ ఇంకా ఘోరం. ఇన్వెస్టర్లను మోసం చేశాడని వ్యవస్థాపకుడు ట్రెవర్ మిల్టన్‌ను 2022లో కోర్టు దోషిగా తేల్చింది, 2025 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మిల్టన్‌కు ఆ తర్వాతి నెలే ట్రంప్ క్షమాభిక్ష దొరికింది. షేరు పట్టుకున్న వాళ్ళకు మాత్రం దొరికిందేమీ లేదు.

తప్పంతా కంపెనీలదేనా అంటే, అదీ కాదు. నీటిని కరెంటుతో విడగొట్టి ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్ 5 రూపాయలనుకున్నా కరెంటు ఖర్చే 250 రూపాయలు దాటుతుంది, మిషన్లు, అప్పు, మనుషులు అదనం. ఇంతా చేస్తే ఆ కిలోలో మిగిలే శక్తి 33 యూనిట్లు. సహజవాయువు నుంచి చేసే పాత రకం హైడ్రోజన్ చాలా చోట్ల ఇందులో సగం ధరకే, ఇంకా తక్కువకే దొరుకుతుంది. అందుకే ప్రపంచం 2023లో సుమారు 9.7 కోట్ల టన్నుల హైడ్రోజన్ వాడితే, కాలుష్యం తక్కువగా ఉండే రకం అందులో ఒక శాతం కూడా లేదు. ఈ తేడాను పూడ్చేది సర్కారు సొమ్మే. అమెరికా 2022 చట్టంలో కిలోకు 3 డాలర్ల దాకా పన్ను రాయితీ ఇచ్చింది. 2025 జూలైలో వచ్చిన కొత్త చట్టం దాని గడువు కుదించింది, 2028లోపు నిర్మాణం మొదలుపెట్టిన ప్లాంట్లకే అని. రాయితీ కదిలితే బుట్ట మొత్తం కదులుతుంది.

నియోమ్‌నే చూడండి. 840 కోట్ల డాలర్ల ప్లాంటు, రోజుకు 600 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం, 2025లో 80 శాతం పని పూర్తయిందని ప్రకటించారు. ఉట్టి మాటల ప్రాజెక్టు కాదు. ఇందులో భాగస్వామి అయిన అమెరికా కంపెనీ ఎయిర్ ప్రొడక్ట్స్ ఆ సరుకంతా 30 ఏళ్ళు తానే కొంటానని ఒప్పుకుంది. తీరా దాని వాటాదారులే, కొనేవాళ్ళు ఖాయం కాకుండా ఇంత డబ్బు ఎలా పోశారని తిరగబడ్డారు. 2025 మొదట్లో సీఈఓ మారాడు, అమెరికాలో మూడు ప్రాజెక్టులు రద్దయ్యాయి. పదేళ్ళ తర్వాత నియోమ్ గొప్పగా నడవొచ్చు. అయినా ఈ రోజు షేరు కొన్నవాడికి లాభం వస్తుందా అన్నది వేరే ప్రశ్న.

బుట్టలో పైకి లేచిన పేరూ ఒకటుంది, బ్లూమ్ ఎనర్జీ. 2025లో దాని షేరు దూసుకెళ్ళింది. కారణం హైడ్రోజన్ కాదు. ఏఐ డేటా సెంటర్లకు కరెంటు కావాలి, బ్లూమ్ ఫ్యూయల్ సెల్స్ ఆ కరెంటు ఇస్తున్నాయి, అదీ ఎక్కువగా సహజవాయువుతో! ఫండు పెరిగిందని సంబరపడేవాళ్ళు అసలు తాము దేని మీద పందెం కాశారో ఒకసారి తెరిచి చూసుకోవాలి.

మన దేశంలో అచ్చంగా హైడ్రోజన్ మీదే నడిచే ఈటీఎఫ్ లేదు. కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్లతో గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ప్రకటించింది, 2030 కల్లా ఏడాదికి 50 లక్షల టన్నులు లక్ష్యం. ఇక్కడ ఒక మంచి సూచన ఉంది. 2025 జూలైలో ఎరువుల కంపెనీ కోసం జరిగిన గ్రీన్ అమోనియా వేలంలో కిలో 55.75 రూపాయల ధర వచ్చింది. పదేళ్ళు కొనేవాడు ముందే ఖాయం. ఈ రంగంలో కొరతగా ఉన్నది అదే. ఇక 2024 నవంబరులో 108 రూపాయలకు ఐపీఓకు వచ్చిన ఎన్టీపీసీ గ్రీన్ మొదట్లో బాగా పెరిగి, కొన్ని నెలలకే 108 కిందకు దిగింది. దాని ఆదాయం ఈ రోజుకు సోలార్, గాలి కరెంటుదే. పూడిమడక ఇంకా రేపటి మాట.

ముస్లిం ఇళ్ళలో ఇంకో ప్రశ్న తప్పదు: ఇది హలాలేనా? హైడ్రోజన్ తయారీలో ఆక్షేపణ ఏమీ లేదు. చిక్కంతా సూద్ దగ్గర వస్తుంది. ఆయోఫీ ప్రమాణం ప్రకారం కంపెనీ వడ్డీ అప్పు దాని మార్కెట్ విలువలో 30 శాతం దాటకూడదు, వడ్డీ డిపాజిట్లకూ అంతే, హరామ్ ఆదాయం 5 శాతం మించకూడదు. షేరు పడిపోతున్న రంగంలో ఈ లెక్క తలకిందులవుతుంది. 100 కోట్ల విలువున్న కంపెనీకి 20 కోట్ల అప్పు ఉంటే 20 శాతం, సరే. అదే విలువ 40 కోట్లకు జారితే, కొత్తగా రూపాయి అప్పు చేయకపోయినా అది 50 శాతం అవుతుంది. కొన్ని షరియా సూచీలు మార్కెట్ విలువ బదులు ఆస్తులతో లెక్కేస్తాయి, అక్కడ ఫలితం వేరేగా రావొచ్చు. పైన చెప్పిన నాలుగు ఫండ్లూ మామూలు సూచీలను అనుసరించేవే, షరియా జల్లెడ పట్టినవి కావు. నిఫ్టీ 50 షరియా సూచీని అనుసరించే ఈటీఎఫ్ మన దేశంలో 2009 నుంచే ఉంది, అయితే అందులో హైడ్రోజన్ వెతకడం దండగ.

హైదరాబాద్‌లోనో గుంటూరులోనో కూర్చుని విదేశీ ఫండు కొనాలంటే ఖర్చు యూనిట్ ధరతో ఆగదు. ఆర్బీఐ ఒక మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపనిస్తుంది. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితే పైమొత్తం మీద 20 శాతం టీసీఎస్ కోస్తారు. రిటర్న్ వేస్తే సర్దుబాటు అవుతుంది, కానీ అన్నాళ్ళూ డబ్బు ఇరుక్కున్నట్టే. రెండేళ్ళు దాటి అమ్మిన లాభంపై 12.5 శాతం పన్ను. అమెరికా ఫండు కొన్న వ్యక్తి చనిపోతే, అక్కడి ఆస్తి 60,000 డాలర్లు దాటిన చోట వారసులు 40 శాతం దాకా ఎస్టేట్ పన్ను కట్టాల్సి రావొచ్చు. ఐర్లాండులో నమోదైన ఎల్ అండ్ జీ, వ్యాన్‌ఎక్ ఫండ్లకు ఆ బెడద లేదు. ఈ తేడా చెప్పే వీడియోలు తక్కువ.

గల్ఫ్‌లో సంపాదించే ఎన్నారైకి ఆర్బీఐ పరిమితి, టీసీఎస్ అక్కడి జీతం డబ్బుకు వర్తించవు. అందుకే రియాద్, దుబాయిలో ఉన్నవాళ్ళకు కొనడం తేలిక. కానీ నౌకరీ ముగించుకుని ఇంటికొచ్చేసి ఇక్కడి పూర్తి రెసిడెంటు అయ్యాక, ఆ యూనిట్లను ఐటీ రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టికలో చూపాలి. చూపని ఇలాంటి ఆస్తుల విలువ మొత్తం 20 లక్షలు దాటితే బ్లాక్ మనీ చట్టం కింద జరిమానా 10 లక్షలు. ఫండు నష్టంలో ఉన్నా సరే, ఆ పట్టిక నింపాల్సిందే.