భయానికీ వైద్యం కావాలి

కోవిడ్ భయం తీరకముందే, 2020 డిసెంబరు 5న ఏలూరులో మరో ఉపద్రవం మొదలైంది. కొద్దిరోజుల్లోనే దాదాపు 600 మంది మూర్ఛ, కళ్ళు తిరగడం వంటి లక్షణాలతో ఆసుపత్రికి చేరారు. వారికి కోవిడ్ లేదని తేలింది. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ తెలిపింది; పురుగుమందులపైనా అనుమానం కలిగింది.

చాలామంది త్వరగానే కోలుకున్నారు. అయితే కారణం స్పష్టంగా తెలియని జబ్బు తగ్గినా, దాని భయం తగ్గదు. నీళ్ళు తాగాలన్నా, కూరగాయలు కొనాలన్నా జంకు. కాస్త తల తిరిగితే గుండెదడ. దీనిని పిరికితనమనడం తగదు.

ఇటువంటి విపత్తులో నీటి నమూనాలు సేకరించే బృందంతోపాటు మానసిక ఆరోగ్య సలహాదారు కూడా వీధికి రావాలి. తెలిసినదీ, తెలియనిదీ అధికారులు ప్రతిరోజూ ప్రజలకు చెప్పాలి. లేకుంటే వదంతులే సమాచారమవుతాయి.

రెండు వారాలు దాటినా ఆందోళన, నిద్రలేమి తగ్గకుంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.