రాత్రివేళ గడియారాన్ని గోడవైపు తిప్పండి



ఒక ఆదివారం ఆరాధన ముగిశాక అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. మా సంఘంలోని ఒక పెద్దావిడ మాత్రం చాప మీద నుంచి లేవలేదు. దగ్గరకు వెళ్ళి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యగారూ, నాకోసం ప్రార్థన చేయండి. రోజూ రాత్రి సరిగ్గా రెండు నలభైకి మెలకువ వచ్చేస్తోందండి. ఇక తెల్లారేదాకా కన్ను మూతపడదు" అంది.

ఆ వేళ ఏమిటో నాకు వెంటనే గుర్తుకొచ్చింది. మూడేళ్ళ క్రితం ఆమె భర్త ఆసుపత్రిలో కన్నుమూసింది ఆ సమయానికే. ఆ రాత్రి నేను అక్కడే ఉన్నాను.

ఇరుగుపొరుగు ఆమెను మరింత భయపెట్టారు. చనిపోయినవాడు పిలుస్తున్నాడని ఒకరన్నారు. విశ్వాసం తగ్గింది కాబట్టే నిద్ర పోయిందని మన సంఘస్థులే ఇంకొకరన్నారు. ఆమె ఎవరికీ చెప్పకుండా మెడికల్ షాపులో నిద్రమాత్రలు తెప్పించుకుని వేసుకోవడం మొదలుపెట్టింది.

మొదట ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. నిద్ర పట్టకపోవడం పాపమూ కాదు, విశ్వాసలోపమూ కాదు. అది శరీరానికీ మనసుకీ కలిగే ఒక ఇబ్బంది. దానికి కారణాలు ఉంటాయి, దిద్దుకునే మార్గాలూ ఉంటాయి. అందులో డబ్బు ఖర్చు లేని ఒక చిన్న మార్గం గురించి ఈ నెల రాస్తున్నాను.

ఆ వారంలోనే మా అమ్మగారూ నేనూ ఆమె ఇంటికి వెళ్ళాం. మంచానికి ఎదురుగా గోడగడియారం ఉంది. తలగడ పక్కన టార్చిలైటు ఉంది. "మెలకువ రాగానే మొదట ఏం చేస్తారమ్మా?" అని అడిగాను. "ఏముందండీ, లైటు వేసి టైము చూస్తాను" అంది. "ఎప్పుడూ రెండు నలభయ్యేనా? రెండింటికి గాని, మూడుంబావుకి గాని లేచిన రోజులు లేవా?" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించింది. "ఉన్నాయండి. కానీ అవి గుర్తుండవు" అంది.

అసలు సంగతి ఆ మాటలోనే ఉంది. ముళ్ళు రెండు నలభై దగ్గర కనిపించిన రాత్రి గుండె ఝల్లుమంటుంది. మరో చోట కనిపించిన రాత్రి మనసు దాన్ని వదిలేస్తుంది. రోజులు గడిచేకొద్దీ ప్రతి రాత్రీ అదే వేళకు లేస్తున్నామనే నమ్మకం గట్టిపడిపోతుంది. ఆమెను నిద్ర లేపుతున్నది ఏదైనా కావచ్చు. లేచాక తిరిగి పడుకోనివ్వకుండా చేస్తున్నది మాత్రం గోడమీది గడియారం.

రాత్రి మధ్యలో మెలకువ రావడం వింత కాదు. మన నిద్ర ఒకే బిగిన సాగేది కాదు. సుమారు తొంభై నిమిషాలకు ఒక ఆవృతం చొప్పున, రాత్రికి నాలుగైదుసార్లు లోతుకు వెళ్ళి మళ్ళీ పైకి తేలుతూ ఉంటుంది. పైకి తేలినప్పుడు కొద్దిసేపు మెలకువ రావడం ఆరోగ్యవంతులకూ ఉన్నదే. అటు నుంచి ఇటు ఒత్తిగిలి మళ్ళీ నిద్రలోకి జారుకుంటాం. తెల్లవారాక అది మనకు గుర్తుండదు. వయసు పైబడేకొద్దీ ఈ మెలకువలు ఎక్కువవుతాయి.

ఆ కొద్దిపాటి మెలకువలో గడియారం చూశామనుకోండి. వెంటనే లెక్క మొదలవుతుంది. "పదింటికి పడుకున్నాను, ఇప్పుడు రెండయింది. నాలుగింటికి పాలు పితకాలి. ఇంకా రెండు గంటలే ఉంది. ఇప్పుడు నిద్ర పట్టకపోతే రేపు పొలంలో ఎలా నిలబడతాను?" లెక్క వేసే మనసు మేలుకున్న మనసు. లెక్క తేలగానే దిగులు, దిగులు వెంట కోపం. గుండె వేగం పెరుగుతుంది, ఒళ్ళు బిగుసుకుంటుంది. కాసేపటికి మళ్ళీ చూస్తాం. పదిహేను నిమిషాలు గడిచి ఉంటాయి. "ఇంకా పట్టలేదే!" అనుకుంటాం. నిద్ర మన గదమాయింపుకు లొంగేది కాదు. పట్టుకోబోయిన కొద్దీ దూరంగా పోతుంది.

వైద్య పరిశోధకులు కూడా దీన్ని పరిశీలించారు. నికోల్ టాంగ్, ఆలిసన్ హార్వే మొదలైనవారు 2007లో ప్రచురించిన పరిశోధనలో నిద్రలేమి ఉన్నవారిలో కొందరిని పడుకునేటప్పుడు గడియారం గమనించమన్నారు. మరికొందరిని సమయం చూపకుండా ఊరికే అంకెలు మారే పెట్టెను గమనించమన్నారు. చూడటం ఇద్దరికీ ఉన్నదే. అయినా గడియారం చూసినవారిలో దిగులు ఎక్కువగా కనిపించింది. నిద్ర పట్టడానికి నిజంగా పట్టిన సమయం కంటే ఎంతో ఎక్కువ పట్టినట్టు వారికి తోచింది. 2023లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన స్పెన్సర్ డాసన్ బృందం నిద్ర చికిత్సకు వచ్చిన సుమారు 5,000 మంది వివరాలను పరిశీలించింది. సమయం చూసుకోవడం వల్ల కలిగే విసుగు నిద్రలేమిని పెంచుతోందని, నిద్రమాత్రల వాడకానికీ దారి తీస్తోందని ఆ బృందం తెలిపింది.

నా సంగతి కూడా దాచకుండా చెబుతాను. చాలా సంవత్సరాలు శనివారం రాత్రి నాకు నిద్ర ఉండేది కాదు. మర్నాటి ప్రసంగం తలలో తిరుగుతుండేది. తలదగ్గర టైంపీసు, రేడియం ముళ్ళతో చీకట్లో పచ్చగా మెరుస్తూ ఉండేది. తర్వాత దాని చోటికి సెల్‌ఫోను వచ్చింది. అది టైంపీసు కంటే చెడ్డది. టైము చూద్దామని నొక్కితే పక్కనే ఎవరిదో మెసేజి కనిపిస్తుంది. అది చదివాక ఇంకొకటి. వెలుతురు కళ్ళలో పడి ఉన్న కాస్త మత్తు కూడా వదిలిపోతుంది. మర్నాడు ప్రసంగపీఠం మీద నిలబడి, దేవుని విశ్రాంతిని గూర్చి ఎర్రబడ్డ కళ్ళతో బోధించిన రోజులు నాకున్నాయి. చివరకు మా అమ్మగారే ఫోను తీసుకెళ్ళి వంటింట్లో పెట్టింది. మొదటి మూడు రాత్రులు చెయ్యి దానంతటదే తలగడ కిందికి వెళ్ళేది. తర్వాత మానుకుంది.

మన తాతముత్తాతల ఇళ్ళలో గడియారాలు లేవు. మధ్యరాత్రి లేచినవారు బయటికి వచ్చి చుక్కలను చూసి, ఇంకా చాలా పొద్దుందని గాని, వేగుచుక్క పొడిచిందని గాని అనుకునేవారు. నిమిషాల లెక్క వారికి తెలియదు. పరిశుద్ధ గ్రంథ కాలంలోనూ అంతే. పూర్వం యూదులు రాత్రిని మూడు జాములుగా, రోమీయులు నాలుగు జాములుగా లెక్కించేవారు. ఆ జాములు తెలియవలసింది ముఖ్యంగా కావలివారికి. వారు మేలుకుని ఉంటారు గనుకనే మిగిలిన పట్టణం నిద్రపోతుంది. ఇంట్లో పడుకున్నవాడు ప్రతి జామూ లేచి కోట గోడ ఎక్కి చూస్తే ఇక కావలివాడు ఎందుకు? మన ఇంట్లో అలారం ఆ కావలివాడే. దానికి పని అప్పగించాక మనం కాపలా కాయనక్కరలేదు.

ఇక ఆచరణలోకి వద్దాం.

మొదటిది: పడుకునే ముందు అలారం పెట్టి, ఒక్కసారి సరిచూసుకోండి. తెల్లవారుజామున మొదటి బస్సు అందుకోవాలన్నా, మోటారు వెయ్యాలన్నా నమ్మకం చాలకపోతే మొదటి వారం రెండు అలారాలు పెట్టుకోండి. తరువాత గడియారాన్ని గోడవైపు తిప్పండి. గోడగడియారమైతే గుడ్డ కప్పండి, లేదా వేరే గదిలో తగిలించండి. గంటలు కొట్టేదైతే రాత్రివేళ ఆ మోత ఆపండి.

రెండవది: ఫోను మంచం దగ్గర వద్దు. పిల్లలు గల్ఫులోనో అమెరికాలోనో ఉన్న తల్లిదండ్రులు, "రాత్రి ఫోను వస్తే ఎలా?" అంటారు. పక్క గదిలో గట్టిగా మోగేలా పెట్టండి. మోగితే వినబడుతుంది, మోగకపోతే చూడవలసిన పని లేదు.

మూడవది: మెలకువ వచ్చినా, బయటికి వెళ్ళి వచ్చినా టైము చూడవద్దు. భార్యను గాని, భర్తను గాని అడగవద్దు. పక్కవారు తెలిసినా చెప్పవద్దు. "ఇంకా రాత్రే" అంటే చాలు.

నాలుగవది: ఎంతసేపటికీ నిద్ర రాకపోతే మంచం మీద దొర్లుతూ ఉండవద్దు. ఇరవై నిమిషాలైందా, అరగంటైందా అని చూడకుండా అంచనాతోనే లేవండి. మసక వెలుతురులో కూర్చుని మనసుకు నెమ్మదినిచ్చే పని ఏదైనా చేసుకోండి. కళ్ళు బరువెక్కాక మళ్ళీ పడుకోండి. మంచం అంటే నిద్రే అని శరీరానికి తిరిగి నేర్పించే ఈ పద్ధతిని రిచర్డ్ బూట్జిన్ అనే శాస్త్రవేత్త 1972లో రూపొందించాడు. ఆ వేళలో ప్రార్థన చేయడం మంచిదే. అయితే ప్రార్థనను నిద్రమాత్రలా వాడి, "ఇంత చేసినా పట్టలేదే" అని మళ్ళీ లెక్క మొదలుపెట్టకండి.

ఐదవది: రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవండి. పగలు గంటలకొద్దీ పడుకోకండి. మధ్యాహ్నం దాటాక టీ, కాఫీ తగ్గించండి. తాగిన అయిదారు గంటల తరువాత కూడా వాటిలోని కెఫీను చాలామందిలో సగం వరకు ఒంట్లోనే ఉంటుంది.

గడియారం తిప్పేస్తే అన్ని నిద్రలేములూ పోతాయని నేను చెప్పడం లేదు. వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా మూడు నెలలు ఇలాగే సాగితే డాక్టరును కలవండి. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లున్నా, మాటిమాటికీ మూత్రానికి లేవవలసి వస్తున్నా, ఆయాసం వల్ల గాని నొప్పి వల్ల గాని మెలకువ వస్తున్నా పరీక్ష చేయించుకోవాలి. దేనిమీదా ఆశ లేకుండా పోయి, బ్రతకాలనిపించకపోతే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా ఇంటివారికి చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. సొంతంగా నిద్రమాత్రలు వాడవద్దు. చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా మానవద్దు, డాక్టరు చెప్పినట్టు క్రమంగా తగ్గించాలి. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రలకంటే ముందు అలవాట్లనూ ఆలోచనలనూ సరిదిద్దే చికిత్స ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే సిఫారసు చేసింది. గడియారం చూడటం మానుకోవడం ఆ దారిలో ఒక అడుగు.

ఆ పెద్దావిడ సంగతికి వస్తాను. ఆ రోజే గోడగడియారం తీసి ముందు వసారాలో తగిలించాం. అలారం పని మనుమరాలు తీసుకుంది. మాత్రల సంగతి డాక్టరుకు చెప్పించాం. ఆయన వాటిని కొద్దికొద్దిగా తగ్గించారు. కొన్ని వారాల తరువాత ఆదివారం నేను గుమ్మం దగ్గర నిలబడి ఉంటే ఆమె ఆగింది.

"ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నాను.

"మెలకువ వస్తూనే ఉందండి. ఆయన గుర్తుకొస్తున్నారు, కాసేపు ఏడుపూ వస్తుంది. కానీ అప్పుడు ఎన్ని గంటలైందో నాకు తెలీదండి. ఎప్పుడు నిద్ర పట్టేస్తోందో అదీ తెలీడం లేదు" అంది.

ఆమె దుఃఖం తీరిపోలేదు. తీరవలసిందని కూడా నేననను. భర్తను తలచుకుని ఏడ్చే హక్కు ఆమెకుంది. అయితే ఆ దుఃఖానికి ఇప్పుడు ఒక సమయం అంటూ లేదు, రాత్రంతా దానికోసం భయపడుతూ ఎదురుచూడటం లేదు.

ఈ రాత్రి మీ ఇంట్లో కూడా గడియారాన్ని గోడవైపు తిప్పి చూడండి. ఒకటి రెండు రాత్రులకే తీర్పు చెప్పకుండా కొన్ని వారాలు ఓపిక పట్టండి. మనం చూసినా చూడకపోయినా ఉదయం దాని వేళకు అది వస్తుంది. అంతవరకు మీ ఇంటివారందరికీ నెమ్మదిగల నిద్ర కలుగును గాక.