ఏవియేషన్ డిగ్రీ లైసెన్సు కాదు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మన పట్టణాల కూడళ్లలో ఫ్లెక్సీలు వెలుస్తాయి. భుజాన నాలుగు చారల కుర్రాడు, మెడకు స్కార్ఫు చుట్టిన అమ్మాయి, వెనక ఎగురుతున్న విమానం. కింద ‘ఏవియేషన్ డిగ్రీ, నూరు శాతం ఉద్యోగం’. ఉత్తరాంధ్రలోనైతే భోగాపురం విమానాశ్రయం బొమ్మ కూడా అదనం. కెరీర్ నిపుణులమని చెప్పుకునేవాళ్లూ ఇదే పాట అందుకుంటున్నారు: విమానయానం పెరుగుతోంది, కాబట్టి ఏదో ఒక ఏవియేషన్ కోర్సులో చేర్పిస్తే పిల్లల జీవితం గాడిన పడ్డట్టేనని. ఇందులో మొదటి మాట నిజం. రెండోది తల్లిదండ్రుల జేబుకు చిల్లు పెట్టే అబద్ధం.

ఎందుకంటే ఈ రంగంలో ముఖ్యమైన పనులకు మనిషిని అనుమతించేది కాలేజీ పట్టా కాదు. పైలట్‌కైనా, విమానం బాగుచేసే ఇంజినీర్‌కైనా లైసెన్సు ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ). మిగతా చాలా కొలువుల్లో తీసుకున్న సంస్థే తన శిక్షణ తాను ఇచ్చుకుంటుంది. కార్ల గురించి మూడేళ్లు చదివినా, ఆర్టీవో పరీక్ష నెగ్గనిదే స్టీరింగ్ పట్టనివ్వరు కదా!

పైలట్ కావాలంటే ముందు ఏవియేషన్ డిగ్రీ చేయాలన్నది మొదటి అబద్ధం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కావలసినవి ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్. నిండిన 18 ఏళ్లు. క్లాస్ వన్ మెడికల్, అంటే వైద్య పరీక్ష. నావిగేషన్, వాతావరణం, నిబంధనలు, సాంకేతికాంశాల మీద డీజీసీఏ పరీక్షలు. 200 గంటల ఫ్లయింగ్. మన దేశంలో ఎగిరితే, ఆ గంటలు లెక్కకు రావాలంటే బేగంపేటలోని తెలంగాణ రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ, ఉత్తరప్రదేశ్ ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ వంటి, డీజీసీఏ ఆమోదం ఉన్న చోటే ఎగరాలి. మూడేళ్ల డిగ్రీ ఆ 200లో ఒక్క గంట కూడా తగ్గించదు. 1929లో మన దేశంలో తొలి పైలట్ లైసెన్సు అందుకున్న జేఆర్‌డీ టాటాకు డిగ్రీయే లేదు. లైసెన్సు వచ్చాక కూడా ఎయిర్‌బస్, బోయింగ్ నడపడానికి టైప్ రేటింగ్ పేరుతో మళ్లీ లక్షలు పోయాలి. ఈ సంగతి ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు.

ఏరోనాటికల్ బీటెక్ చదివితే విమానాలు రిపేరు చేయొచ్చన్నది రెండో అబద్ధం. హైదరాబాద్ చుట్టుపక్కల కాలేజీల్లో ఈ భ్రమతో చేరేవాళ్లు తక్కువేం కాదు. బీటెక్ నేర్పేది రూపకల్పన, నిర్మాణం, ఇంజిన్ల శాస్త్రం. దాని దారి హెచ్‌ఏఎల్, డీఆర్‌డీవో, ఇస్రోల వైపు, ఆదిబట్లలో విమాన భాగాలు తయారుచేసే కర్మాగారాల వైపు. మంచి దారే. కానీ మరమ్మతు చేసిన విమానం ఎగరడానికి సిద్ధమని సంతకం పెట్టేది ఏఎంఈ, అంటే లైసెన్సు ఉన్న మెయింటెనెన్స్ ఇంజినీర్. ఆ లైసెన్సు కోసం సాధారణంగా సీఏఆర్-147 ఆమోదం ఉన్న సంస్థలో శిక్షణ పొంది, డీజీసీఏ మాడ్యూల్ పరీక్షలన్నీ గట్టెక్కి, అసలు విమానాల మీద పనిచేసిన అనుభవం చూపాలి. మెకానికల్ వైపు బీ1, ఏవియానిక్స్ వైపు బీ2. ఒక చదువును ఇంకో చదువుగా చూపించి అమ్మడం మోసం.

అన్నిటికన్నా అన్యాయమైనది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఆశ. ఈ ఉద్యోగానికి మనుషుల్ని తీసుకునేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ, ఇంజినీరింగ్ గానీ ఉండాలి. ఎంపికయ్యాక ప్రయాగ్‌రాజ్‌లోని తన కళాశాల వంటి చోట్ల అథారిటీయే శిక్షణ ఇస్తుంది. అంటే బీబీఏ ఏవియేషన్ చేసినవాడికి దరఖాస్తు పెట్టే అర్హత కూడా ఉండదు! ప్రభుత్వ కాలేజీలో మామూలు ఎంపీసీ బీఎస్సీ చదివిన పిల్లకు తెరిచి ఉన్న తలుపు, లక్షలు పోసి ‘ఏవియేషన్’ చదివిన పిల్లకు మూసుకుపోతోంది.

క్యాబిన్ క్రూ సంగతీ అంతే. ఇంటర్ పాసైనవాళ్లను ఎయిర్‌లైన్లే ఎంపిక చేసుకుంటాయి. మంటలు ఆర్పడం, ప్రయాణికుల్ని నిమిషాల్లో దించేయడం, ప్రథమ చికిత్స అన్నీ అవే నేర్పుతాయి. మేకప్‌కూ, ఇంగ్లిష్ మాటలకూ ఏడాది పొడవునా లక్షల ఫీజు కట్టక్కర్లేదు. ఇక ‘నూరు శాతం ఉద్యోగం’ లోతుకు వెళ్తే తేలేది తరచూ విమానాశ్రయంలో కౌంటర్ పని. అది గౌరవమైన పనే. కానీ దానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది.

‘పైలట్ మెడికల్‌లో ఫెయిలైతే డిగ్రీ ఆసరా అవుతుంది కదా’ అంటారు. అవుతుంది. అయితే ఆ ఆసరా మామూలు బీఎస్సీ, బీకామ్ కూడా ఇస్తాయి, తక్కువ ఖర్చుతో. అసలు మెడికల్ ముందే చేయించుకోమని చెప్పకుండా ఫీజు కట్టించుకునేవాళ్లకు ఈ మాట అనే హక్కు ఎక్కడిది? ఏవియేషన్ చదువులన్నీ వృథా అనడం లేదు. పార్లమెంటు 2013 చట్టంతో ఏర్పడిన రాజీవ్ గాంధీ నేషనల్ ఏవియేషన్ యూనివర్సిటీ ఉంది. విమానాశ్రయ నిర్వహణ, కార్గో మీద ఆసక్తి ఉన్నవాళ్లకు నిజమైన ఇంటర్న్‌షిప్ ఉన్న కోర్సు పనికొస్తుంది. అలాంటప్పుడు దాన్ని మేనేజ్‌మెంట్ చదువనే చెప్పి అమ్మాలి. ఫ్లెక్సీ మీద పైలట్ బొమ్మ ఎందుకు?

పౌర విమానయాన శాఖ 2024 నుంచి మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు చేతిలో ఉంది. ‘ఈ కోర్సుతో డీజీసీఏ లైసెన్సు రాదు’ అన్న ఒక్క వాక్యాన్ని ఇలాంటి ప్రతి ప్రకటనలోనూ తప్పనిసరి చేయించడానికి ఆయన పూనుకోవాలి. తల్లిదండ్రులు చేయాల్సింది ఇంకా తేలిక. ముందు పిల్లలకు ఏ పని కావాలో తేల్చుకోండి. ఆ పనికి అనుమతి ఎవరిస్తారో కనుక్కోండి. సంస్థకు ఆమోదం ఉందో లేదో డీజీసీఏ వెబ్‌సైట్‌లో మీరే చూడండి. పైలట్ అనుకుంటే మెడికల్ అయ్యాకే చెక్కు రాయండి. ఇలాంటివి అడిగితే విసుక్కునే కాలేజీలో మీ పిల్లల్ని చేర్పించకండి.