ఆలూ లేదు, చూలూ లేదు, కారు పేరు జాగ్వార్

"ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని సామెత. పుట్టని బిడ్డకు పేరు పెట్టడంతో ఆగక, వాడు ఎంత వేగంగా పరుగెత్తుతాడో కూడా ముందే లెక్కకట్టే విద్య ఒకటి ఈ మధ్య మా ప్రాంతంలో బాగా వ్యాపించింది. కామారెడ్డి బస్టాండు దగ్గరి చాయ్ హోటళ్ళలోనూ, ఎల్లారెడ్డి పోయే బస్సుల్లోనూ నేను తరచుగా వినే చర్చ ఇది. జాగ్వార్ వారి విద్యుత్ గ్రాండ్ టూరర్ ఎన్ని సెకన్లలో నూరు కిలోమీటర్ల వేగం అందుకుంటుంది? మన దేశంలో ధర ఎంత పలుకుతుంది? టాటా వారిదే కాబట్టి మనకు చవుకగా ఇస్తారా? ఈ చర్చ చేసే యువకుల్లో అధికులు సెకండ్ హ్యాండ్ మోటారు సైకిలుకు వాయిదాలు కడుతున్నవారే.

వీరిని వెక్కిరించే పెద్దలు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. "నీ తాహతెంత, నీ మాటలెంత" అంటారు. ఆ పెద్దల పక్షాన నేను లేనని మొదటే చెప్పుకుంటున్నాను. కోరికకు ఆదాయ ధ్రువీకరణ పత్రం అడగడం మర్యాద కాదు. రాజ్యం లేనివాడు రాజకుమారి కథ విన్నంత మాత్రాన పాపం లేదు గదా. నా అభియోగం వేరు. మా కుర్రవాళ్ళు మరీ ఎక్కువ ఊహిస్తున్నారని పెద్దలు అంటారు. మరీ తక్కువ ఊహిస్తున్నారని నేనంటాను. కంపెనీ కరపత్రంలో చివరి వాక్యం ఎక్కడ ముగుస్తుందో వీరి ఊహ కూడా సరిగ్గా అక్కడే ముగుస్తోంది. అది ఊహ కాదు, కూలి లేని ప్రచారం.

సంగతి తెలియని మిత్రుల కోసం పూర్వరంగం నాలుగు మాటల్లో చెబుతాను. 2008లో టాటా మోటార్స్ సంస్థ జాగ్వార్, ల్యాండ్ రోవర్ కంపెనీలను ఫోర్డ్ నుండి 230 కోట్ల డాలర్లకు కొన్నది. అదే ఏడాది జనవరిలో లక్ష రూపాయల నానో కారును లోకానికి చూపించింది. ఒకే ఇంటివారు ఒకే సంవత్సరంలో అటు లక్షాధికారికీ ఇటు లక్ష కూడబెట్టిన వాడికీ కారు చూపించారన్నమాట. 2024 నవంబరులో జాగ్వార్ తన పాత చిహ్నాన్ని వదిలి, ఒక్క కారైనా కనబడని ప్రకటన ఒకటి విడుదల చేసి, ప్రపంచమంతటా తిట్లు తిన్నది. డిసెంబరులో మయామీలో టైప్ 00 అనే నమూనాను గులాబీ రంగులో ఒకటి, నీలి రంగులో ఒకటి ప్రదర్శించింది. దాని వెనుక రాబోయేది నాలుగు తలుపుల విద్యుత్ గ్రాండ్ టూరర్ అనీ, ఒక్క చార్జింగుతో 770 కిలోమీటర్లు పోతుందనీ, పదిహేను నిమిషాలు చార్జి చేస్తే 321 కిలోమీటర్లకు సరిపడా శక్తి వస్తుందనీ చెప్పింది. ధర లక్ష పౌండ్లకు పైనేనన్నది. మూడు మోటార్లనీ, వెయ్యికి మించిన అశ్వశక్తి అనీ తరువాత మాటలు వచ్చాయి. చర్చకు ముడిసరుకు ఇంతే. దీని మీదనే మా వాళ్ళు నెలల తరబడి మేడలు కట్టారు.

ఆ మేడల్లో మొదటిది, 770 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి కామారెడ్డికి మూడుసార్లు వెళ్ళిరావచ్చునని ఒకాయన బస్సులో లెక్క చెప్పాడు. లెక్క తప్పు కాదు. అయితే ఆ సంఖ్య డబ్ల్యూ.ఎల్.టి.పి. అనే పరీక్ష ప్రకారం చెప్పినది. ఆ పరీక్ష ప్రయోగశాలలో, 23 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద, గంటకు సగటున 46 కిలోమీటర్లకు కాస్త పైబడిన వేగంతో జరుగుతుంది. మే నెల మధ్యాహ్నం మన జిల్లాలో 44 డిగ్రీల ఎండలో, ఏ.సి. వేసుకుని, జాతీయ రహదారి మీద నూరుకు తగ్గకుండా పోయేవాడికి ఆ సంఖ్య వర్తించదు. వెయ్యి అశ్వాలను కొనేది 46 కిలోమీటర్ల వేగంతో పోవడానికి కాదు గదా. ఈ ప్రశ్న అడగడానికి ఇంజనీరింగు పట్టా అవసరం లేదు. ట్రాక్టరులో డీజిలు పోసుకునే ప్రతి రైతుకూ బరువును బట్టి, దారిని బట్టి ఖర్చు మారుతుందని తెలుసు.

రెండవ మేడ ధర. 2025 జూలై 24న బ్రిటనుతో మన దేశం వాణిజ్య ఒప్పందంపై సంతకం చేసింది. కార్ల సుంకం క్రమంగా, పరిమిత సంఖ్యకు, 10 శాతం వరకు తగ్గుతుందని అందులో ఉన్నది. అది చదివి "ఇక జాగ్వార్ మనకు సగం ధరకే" అని ఉత్సవం చేసినవారిని నేను స్వయంగా విన్నాను. వారు చదవని సంగతి ఒకటి ఉన్నది. ఆ ఒప్పందంలో మొదటి ఐదేళ్ళు విద్యుత్ కార్లకు సుంకం రాయితీ లేదు. రాబోయేది విద్యుత్ కారు. నలభై వేల డాలర్లు దాటిన విదేశీ కారుకు 2025 బడ్జెట్ సవరణ తరువాత కూడా సుంకం, సెస్సు కలిపి 110 శాతమే. లక్ష పౌండ్లనే దిగుమతి విలువగా పట్టుకున్నా, సుంకమూ, 5 శాతం జి.ఎస్.టి.యూ కలిసేసరికి రమారమి రెండున్నర కోట్లు. "మన టాటా" అన్న మమకారం కస్టమ్స్ వారి దగ్గర చెల్లే నాణెం కాదు.

ఇంతవరకు చెప్పినవి తెలివికి సంబంధించిన లోపాలు. వీటికోసమే అయితే ఈ టపా వ్రాసేవాణ్ణి కాను. నన్ను వ్రాయించినది రోడ్డు పన్ను.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించింది. అంతకు ముందు 2020 నాటి విధానంలో కార్లకు 5,000 అని పరిమితి ఉండేది; 2024లో దానిని ఎత్తివేశారు. విద్యుత్ బస్సుకూ, ఆటోకూ, స్కూటరుకూ ఈ మినహాయింపు న్యాయమే. కాని కారు ధరకు ఎగువ హద్దు ఏదీ పెట్టలేదు. 2022లో సవరించిన పట్టిక ప్రకారం ఇరవై లక్షలు దాటిన కారుకు జీవితకాల పన్ను 18 శాతం ఉండేది. రెండున్నర కోట్ల మీద అది 45 లక్షలు. అదే పట్టికలో ఎనభై వేల పెట్రోలు మోటారు సైకిలుకు 12 శాతం, అంటే 9,600 రూపాయలు. ఆ గడువులోగా ఏ కోటీశ్వరుడు ఏ విద్యుత్ విలాస శకటాన్ని కొన్నా రోడ్డుకు ఇచ్చేది సున్న. ఎల్లారెడ్డి నుండి కూరగాయల మూటతో కామారెడ్డికి మోటారు సైకిలు మీద వచ్చేవాడు మాత్రం తన 9,600 కట్టి తీరాలి. "మన రాష్ట్రంలో ట్యాక్స్ జీరో, తెలుసా!" అని మా కుర్రవాడు గర్వంగా చెబుతున్నప్పుడు, ఆ సున్నను పూడ్చేవాళ్ళలో తానూ ఒకడినన్న ఎరుక అతనికి లేదు. ఇదీ నా బాధ.

ఇక ఆ రోడ్డు మాట. కరీంనగర్, కామారెడ్డి, ఎల్లారెడ్డిలను కలిపే దారిని మా వైపు కె.కె.వై. రోడ్డు అంటారు. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ నడుమ సుమారు 40 కిలోమీటర్లు. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కురిసిన వాన ఈ రెండు ఊళ్ళనూ లోకం నుండి వేరుచేసింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు మించి వాన పడింది. 44వ నంబరు జాతీయ రహదారి దెబ్బతిని లారీలు బారులు తీరాయి. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. ఆ వారం వెయ్యి అశ్వాల కారైనా, మా ఊరి ఎడ్లబండైనా సమానమే. గ్రాండ్ టూరర్ అంటే దూరప్రయాణం సుఖంగా, వేగంగా చేయించే బండి అని అర్థం. ప్రయాణానికి దారి లేనప్పుడు ఆ పేరుకు అర్థమేమిటి?

మన భాషలోనూ ఒక గొప్ప దేశాటనం ఉన్నది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుండి బయలుదేరి, హైదరాబాదు మీదుగా నాగపురం దారి పట్టి కాశీకి వెళ్ళాడు. ఇప్పటి 44వ నంబరు రహదారి పోయేదీ ఆ దిక్కుకే. ఆయన పల్లకీలో పోయినవాడే, కలిగినవాడే. అయినా కాశీయాత్ర చరిత్రలో మనకు కనబడేది పల్లకీ వైభవం కాదు. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఏ దారి రాళ్ళమయం అన్న వివరం. వెనుక వచ్చేవాడికి పనికిరావాలన్న దృష్టి అది. దాదాపు రెండు వందల ఏళ్ళ తరువాత అదే దిక్కున కూర్చున్న మనం పల్లకీ పట్టుకొమ్మల మెరుపు గురించి మాత్రమే మాట్లాడుకుంటున్నాము.

రాజుల ముచ్చట కూడా చూడండి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తన కోసం సింహాసనం అమర్చిన రోల్స్ రాయిస్ తెప్పించుకోదలచాడు. 1911లో ఆయన కన్నుమూశాడు; కారు ఆ తరువాత వచ్చింది. కొన్ని వందల మైళ్ళు మాత్రమే తిరిగి, ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉన్నది. ఆ నిజాముల ప్రభుత్వమే 1922 నాటికి ఎల్లారెడ్డి ప్రాంతపు పొలాల కోసం పోచారం ఆనకట్ట కట్టించింది. 2025 ఆగస్టు వరదలో నీరు పక్క కట్టను కోసివేసినా, నూరేళ్ళు దాటిన ఆ రాతి గోడ నిలిచింది. ఒకే ఖజానా, రెండు ఖర్చులు. ఏది మనకు మిగిలిందో వేరే చెప్పనక్కరలేదు.

"ఎవరి సరదా వారిది, మధ్య నీకెందుకు నొప్పి?" అని వ్యాఖ్య రాబోతోందని తెలుసు. సరదా మానమని నేననలేదు. జాగ్వార్ 1961లో ఈ-టైప్ చూపించినప్పుడు లోకం నోరు తెరిచి చూసింది. అందమైన యంత్రాన్ని చూసి మనసు పారేసుకోవడం సహజమే. ఆ మోజుకు తోడు నాలుగు ప్రశ్నలు నేర్చుకోమంటున్నాను. ఈ 770 ఏ ఎండలో? ఈ చార్జింగు కామారెడ్డి దాటితే ఎక్కడ? ఈ మినహాయింపు ఎవరి జేబు నుండి? ఈ రోడ్డు మళ్ళీ వాన పడితే ఉంటుందా? సెకనులో పదోవంతు తేడాకు గంటసేపు వాదించగల మేధ మా కుర్రవాళ్ళకు ఉన్నది. అందులో సగం ఓపికతో మండల కార్యాలయానికి ఒక సమాచార హక్కు దరఖాస్తు వ్రాస్తే, కె.కె.వై. రోడ్డు మరమ్మత్తుకు ఎంత మంజూరైందో, ఎంత ఖర్చయిందో తేలుతుంది. దరఖాస్తు రుసుము కూడా పెద్దది కాదు. మండల స్థాయి కార్యాలయమైతే అయిదు రూపాయలు మించదు. రెండున్నర కోట్ల కారు గురించి ఊహించే చేతికి అది పెద్ద భారం కాదు.