ఉత్ప్రేరకము శక్తి నిచ్చునా?

ఉత్ప్రేరకమనగా చర్యలో పాల్గొనక దాని వేగమును హెచ్చించు పదార్థమని విద్యార్థులు వల్లించుచుందురు. ఈ నిర్వచనము సరిగాదని మా యభిప్రాయము. పాల్గొననిది పని యెట్లు చేయును? అది చర్యలో పాల్గొని, తుదకు తన పూర్వరూపమును మరల పొందును; అంతియే. ఈ పొరపాటునకు తోడుగా మరియొక భ్రమయు గలదు: ఉత్ప్రేరకమే చర్యకు శక్తి నిచ్చునట!

1823వ సంవత్సరమున జర్మనీదేశమందలి యేనా నగరమున డోబరైనరను పండితుడు గుల్లగానున్న ప్లాటినముమీదికి గాలిలో ఉదజనివాయువును వదలగా, నిప్పు తగిలింపకయే మంట పుట్టెను. చూచినవారికి నిప్పు ప్లాటినమునందే దాగియున్నదని తోచుట సహజము. కాని ఉదజని ఆమ్లజనితో గూడి 18 గ్రాముల నీరగునపుడు వెలువడు వేడి 286 కిలోజౌళ్లు. ప్లాటినముతో వెలిగించినను అగ్గిపుల్లతో వెలిగించినను ఆ లెక్క మారదు.

కొండకు ఈవలి మెట్టయూరినుండి ఆవలి పల్లపుటూరికి పోవలెనన్న శిఖరమెక్కి దిగవలయును. కనుమదారి దొరికినచో ఎక్కుడు తగ్గును గాని యూళ్ల యెత్తులు మారవు గదా! ఆ యెక్కుడే ఉత్తేజనశక్తి. కనుమ రాకపోకలు రెంటికిని ఉపకరించునట్లే ఉత్ప్రేరకము పురోగామి, తిరోగామి చర్యలు రెంటిని త్వరపరచును, సమతాస్థితిని కదల్పజాలదు.

అయినచో దానివలన లాభమేమి? అమ్మోనియాను చూడుడు. నత్రజని, ఉదజనులు కలియునపుడు వేడి వెలువడును గనుక, ఉష్ణోగ్రత మిక్కిలి హెచ్చినచో అమ్మోనియా దిగుబడి తగ్గును. తగ్గించితిమా, చర్య నత్తనడక నడచును. ఈ చిక్కును కొంత విప్పినది ఇనుము. 1913లో జర్మనీయందలి ఓప్పౌ కర్మాగారము దానితోనే పని ప్రారంభించెను. అయినను 400 మొదలు 500 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియు, గొప్ప పీడనమును కావలసియే యున్నవి.

నీటిలో రహస్యమైన పొడి కలిపిన ఇంధనమగునని చెప్పి ధనమడుగువారు అప్పుడప్పుడు బయలుదేరుచుందురు. నీరు పల్లపుటూరు చేరినదే. 18 గ్రాముల నీటిని విడదీయవలెనన్న ఆ 286 కిలోజౌళ్లను బయటనుండి మరల చెల్లింపవలసినదే. ఏ పొడియు ఆ ఋణమును మాఫీ చేయజాలదు. నిర్వచనము వల్లించిన బాలుడు ఇట్టివారిని ప్రశ్నింపలేడు. లెక్క నెరిగినవాడు శక్తి యెక్కడిదని అడుగును.

కావున తరగతిలో ఈ ప్రయోగము చేయింపవలెనని మేము కోరుచున్నాము. నూటికి మూడుపాళ్ల హైడ్రోజన్ పెరాక్సైడు ద్రావణమును రెండు గాజుకుప్పెలలో సమముగా పోసి, ఒకదానిలో చిటికెడు, రెండవదానిలో రెండు చిటికెలు మాంగనీసు డయాక్సైడు వేయవలెను. రెండవది ముందుగా పొంగును. తుదకు వెలువడిన ఆమ్లజని మాత్రము రెంటను సమానమే. పిమ్మట ఆ నల్లపొడిని వడగట్టి, ఆరబెట్టి, పిల్లలచేతనే తూయింపవలెను.