సున్నా దగ్గర అప్పు పుట్టేదెలా?

మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి హోంవర్క్ పోయిన వారం ఇంట్లో చిన్న గొడవే తెచ్చింది. 402లోంచి 178 తీసేయాలి. ‘రెండులోంచి ఎనిమిది పోదు, పక్కన అప్పు తెచ్చుకో’ అంటూ మా మాస్టారు నేర్పినట్టే వేసి చూపించాను. జవాబు 224. అయినా ఆ లెక్కకు మార్కు రాలేదు. గీత గీసి చూపలేదట. ‘నాన్నా, నువ్వు చెప్పకు. నీది వేరే మ్యాథ్స్’ అంది. ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ మాట గుచ్చుకుంది.

ఇది మా న్యూజెర్సీ బడి ఒక్కదాని వింత కాదు. 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలను నలభైకి పైగా రాష్ట్రాలు తీసుకున్నాయి. తర్వాత మాలాంటి కొన్ని రాష్ట్రాలు పేరు మార్చుకున్నా తీరు పెద్దగా మారలేదు. ఆ ప్రమాణాల ప్రకారం మనకు తెలిసిన నిలువు కూడిక, తీసివేత నాలుగో తరగతిలో పట్టుబడాలి. గుణకారం ఐదులో, భాగహారం ఆరులో. టెక్సాస్ అయితే 2013లో చట్టం చేసి మరీ కామన్ కోర్ వద్దంది. అయినా డాలస్ బంధువుల పిల్లల కాగితాల్లోనూ డబ్బాల బొమ్మలే! ఇక్కడ ఎక్కాలు నేర్పరని మనవాళ్లు అంటుంటారు గానీ అది నిజం కాదు. మూడో తరగతి అయ్యేసరికి ఒక అంకె ఎక్కాలన్నీ నోటికి రావాలని ఆ ప్రమాణాల్లోనే ఉంది.

కోపం తగ్గాక అమ్మాయినే అడిగాను, మీ పద్ధతి చెప్పమని. 178కి రెండు కలిపితే 180, ఇరవై కలిపితే 200, ఇంకో రెండొందలు కలిపితే 400, పైన రెండు. గెంతులన్నీ కూడితే 224. మా ఊరి కిరాణా కొట్టాయన చిల్లర ఇలాగే పైకి లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు! తర్వాత అదే నన్ను అడిగింది, ‘పక్కనున్నది సున్నా కదా, దాని దగ్గర ఏముందని అప్పిస్తుంది?’ అని. సున్నా కాస్తా తొమ్మిది ఎందుకవుతుందో నేను ఏనాడూ ఆలోచించలేదు. చెప్పడానికి పది నిమిషాలు తడబడ్డాను.

కాబట్టి నా గొడవ పద్ధతితో కాదు. పాఠ్యపుస్తకం ఇంటికి రాదు, వచ్చేది విడి కాగితాలే. వాటి మీద ఖాళీ డబ్బాలు తప్ప వివరణ ఉండదు. బడి మొదలైనప్పుడు తల్లిదండ్రులను పిలిచిన సాయంత్రం భోజనం, బస్సు, సెలవుల గురించి చెప్పారు గానీ లెక్కల ఊసెత్తలేదు. ఏ పద్ధతి నేర్పుతున్నారో యూనిట్‌కు ఒక్క పేజీ రాసి పంపడం అంత కష్టమా? సరైన జవాబుకు అసలు మార్కే ఇవ్వకపోవడం ఏం న్యాయం? మనవాళ్లలో చాలామంది ఈ బెడద పడలేక కుమాన్‌లో చేర్పించి ఊరుకుంటున్నారు. దాంతో పిల్లకు శనివారం ఒక లెక్క, సోమవారం ఇంకో లెక్క.

మా అమ్మాయి ఇప్పుడు కాగితం వెనక నా పద్ధతిలో వేసి, జవాబు సరిచూసుకుని, దాన్ని రబ్బరుతో చెరిపేసి ఇస్తోంది. అలా చెరపక్కర్లేదని దానికి చెప్పమని అడగడానికి వచ్చే మంగళవారం టీచర్‌ను కలుస్తున్నాను.