ఖేల్ కాయ్కా?

విద్యానగర్‌లో మా ఇంటి మేడమీది గదిలో ఒక్కణ్ణే కూచుని గేములు తయారుచేస్తాను. మొన్న మగ్రిబ్ నమాజ్ అయ్యాక కొత్తది అమ్మీ చేతికిచ్చాను. కరెంటు పోయిన ఇంట్లో ఒక ముసలామె కొడుకు కోసం ఎదురుచూస్తుంటుంది. ఆడేవాళ్ళు దీపం ఆరకుండా చూసుకోవాలి. అంతే.

“ఇస్మే జీత్తా కౌన్, బేటా?”

“కోయీ నై అమ్మీ.”

“తో ఫిర్ ఖేల్ కాయ్కా?”

ఈ సవాల్ అమ్మీది ఒక్కదానిదే కాదు. 2014 గాజా జంగ్‌లో బీవీబచ్చాలను కాపాడుకోవాలని పరుగెత్తే ఒక అబ్బా కథను నాబ్లస్ వాసి రషీద్ అబూ ఈదే 2016లో గేమ్‌గా తెచ్చాడు. పేరు ‘లైలా అండ్ ద షాడోస్ ఆఫ్ వార్’. ఇది గేముల్లో పెట్టేది కాదంది ఆపిల్. జనం గగ్గోలు పెట్టాక మాట మార్చుకుంది.

మన హైదరాబాద్ ఓగర్ హెడ్ వాళ్ళ ‘అసుర’ (2017)లో నరుక్కుంటూ పోవడం మజాగానే ఉంటుంది, కాదనను. కానీ అబూ ఈదే ఆటలో మనం ఏం నొక్కినా ఆ అబ్బా బేబసే. ఆ బేబసీ టీవీ వార్తల్లో చూస్తే తెలియదు, మన వేలికి తగలాలి. అందుకే నా ముసలామెకు పాయింట్లు పెట్టను, ఖర్చులకు ఇంకా అబ్బా ముందు చెయ్యి చాపుతున్నా సరే. పిల్లలు ఫోన్ పట్టగానే “వక్త్ బర్బాద్” అనే పెద్దలు ఒకసారి పక్కన కూచుని అదేం ఆటో అడగండి.

అమ్మీ ఆ రాత్రి ఇషా దాకా ఫోన్ తిరిగివ్వలేదు.